లెక్కకు వచ్చిన ఊరు

హులిగమ్మ తన వాకిలికి కల్లాపి చల్లడం ముగించి పక్కింటి వాకిలికి వచ్చింది. పేడనీళ్ల కుండను నడుముకు ఎత్తుకునే వీలు లేదు, కడుపు అడ్డం వస్తోంది. అందుకని కుండను నేలమీదే పెట్టి కొంచెం జరపడం, నడుం పట్టుకుని వంగి దోసెడు నీళ్లు చల్లడం, మళ్లీ జరపడం. ఆ ఇంట్లో మనుషులు లేరు. తలుపు గొళ్లేనికి కట్టిన గుడ్డపేలిక ఎండకు రంగు పోయి తెల్లబడింది. దాని పక్కింట్లోనూ లేరు. వీధి చివరిదాకా ఎవరూ లేరు. అయినా మంగళవారం, శుక్రవారం అన్ని వాకిళ్లకూ నీళ్లు పడాలి. ప్రతి గడప ముందూ రెండు ముగ్గుగీతలైనా కనబడాలి. అది అత్త ఉచ్చీరమ్మ పెట్టిన కట్టుబాటు. ఊరికి కావలి ఉండే తలారి ఇల్లు తమది; తాము బతికుండగా జాలిదిన్నె పాడుపడిన ఊరనిపించుకోకూడదని ఆమె పంతం.

ఉచ్చీరమ్మ అరుగుమీద కూర్చుని జొన్నలు చెరుగుతోంది. చేటలోంచి తలెత్తకుండానే కోడలి పని ఆమెకు కనబడుతుంది.

"వడ్లోళ్ల గడప ఇడిసిపెట్టినావు మేయ్," అంది.

హులిగమ్మ వెనక్కి వెళ్లి వడ్రంగుల గడప ముందు చల్లి వచ్చింది.

నల్లరేగడి అయిపోయి రాతిగుట్ట మొదలయ్యేచోట ఉంది ఆ ఊరు. తాలూకా ఆదోని, జిల్లా బళ్లారి. సంతకైనా, మందుకైనా ఎమ్మిగనూరుకే పోవాలి. బావి ఉప్పెక్కినప్పటి నుంచి వంకలో ఇసుక తోడి చెలమనీళ్లు తెచ్చుకోవడమే. నీళ్లు ఊరేదాకా చెలమ పక్కన కూర్చోవాలి. ఊరిన నీటిని సొరకాయ బుర్రతో మట్టి కదలకుండా ముంచుకోవాలి. కుండ నిండేసరికి పొద్దు నెత్తికెక్కుతుంది. ఈ నీళ్ల పని భరించలేకే జనం ఒక్కొక్క ఇల్లుగా కదిలిపోయారు. కొందరు ఎమ్మిగనూరు మగ్గాలకు, కొందరు ఆదోని పత్తి మిల్లులకు. హులిగమ్మ మొగుడు తిక్కయ్య కూడా పత్తి కాలమంతా ఆదోనిలోనే ఉంటాడు. మిల్లు ఆగితే తప్ప రాడు.

ఆమె కుండ బోర్లించి చేతులు కడుక్కుంటూ ఉండగా గూడుబండి చప్పుడు వినబడింది. ఊరి మునసబు బసప్ప వచ్చాడు. అందరూ ఆయన్ను గౌడు అంటారు. గౌడికి కూడా ఇల్లూ వ్యాపారమూ ఎమ్మిగనూరులోనే. శిస్తు కాలానికీ, సుంకులమ్మ జాతరకూ తప్ప ఇటు రాడు. ఆ రెండూ కాని రోజున వచ్చాడంటే ఏదో ఉందన్నమాటే. హులిగమ్మ తలుపు వెనక్కి జరిగింది.

గౌడు అరుగుమీద కూర్చుని, చెంబెడు నీళ్లు తాగి, విషయం చెప్పాడు. సర్కారు మళ్లీ జనాభా లెక్కలు ఎత్తుతోంది. నిరుడు తలుపులమీద వేసిన నంబర్ల ప్రకారం ఇంటింటికీ మనిషి వచ్చి రాసుకుంటాడు. మనుషులు లేని ఊళ్లను పక్క ఊళ్లలో కలిపెయ్యమని తాలూకా కచేరీకి తాఖీదు వచ్చిందట. అలా కలిపితే సుంకులమ్మ మాన్యం, గుట్టమీది మేత, తలారి చేను అన్నీ పక్క ఊరి పెద్దల చేతికి పోతాయి. తన గౌడిక, ఆ మునసబు పదవి, ఏమవుతుందో ఆయన చెప్పలేదు. చెప్పనవసరం లేదు.

"ఈసారి లెక్కల్లో జనం కనపడకపోతే జాలిదిన్నె అనే పేరే ఉండదు అవ్వా," అన్నాడు. "ఎమ్మిగనూరులో మనోళ్లను ఇప్పటికే ఊరు లేనోళ్లని ఎక్కిరిస్తాండారు."

ఉచ్చీరమ్మ చేట పక్కన పెట్టింది. ఊరు పోదని, తను ఉండగా పోదని అంది. గౌడు ఆ మాటకోసమే వచ్చినట్టు తల ఊపాడు. ఆయన ఆలోచన అప్పటికే తేలిపోయి ఉంది. వెళ్లిపోయిన వాళ్లందరినీ లెక్కల రోజులకు బండ్లమీద తోలుకొస్తాడు. ఎవరింట్లో వాళ్లు దిగుతారు, పొయ్యిలు వెలిగిస్తారు, పేర్లు రాయించుకుంటారు. అందాకా హులిగమ్మ ఇళ్లు ఊడ్చి ఉంచాలి.

తలుపు వెనక నుంచి హులిగమ్మ అత్త చెంగు మెల్లగా లాగింది. ఆమె అడగమన్నదేమిటో ఉచ్చీరమ్మకు తెలుసు. తెలిసీ ముందు చెంగు విడిపించుకుంది. తర్వాత, ఎటో చూస్తూ, కోడలికి నెలలు నిండుతున్నాయని, పుట్టిల్లు కైరుప్పలలో తల్లి లేదని, ఎమ్మిగనూరులో ఎవరి పంచనైనా కాన్పుకు ఉంచితే బాగుంటుందని చెప్పింది. ముందటి కాన్పు ఈ ఇంట్లోనే అయిందని మాత్రం చెప్పలేదు. అప్పుడు పక్కన ఇంకో ఆడమనిషి లేదనీ చెప్పలేదు.

"ఇప్పుడు మీరు ఇల్లు ఇడిసిపెడితే ఎట్లవ్వా. ఉండే ఇల్లు ఇదొక్కటే గదా," అన్నాడు గౌడు. ఆ తర్వాత తలుపు వైపు తిరిగి, గొంతు కొంచెం పెంచి చెప్పాడు. "సారమ్మను తోలుకొస్తా తల్లీ. లెక్కలు అయినా పోదు. నీ కాన్పు అయ్యేదాకా ఈడనే ఉంటాది. నా మాట."

సారమ్మ ఆ చుట్టుపక్కల పేరున్న మంత్రసాని. హులిగమ్మ తలుపు వదిలి లోపలికి వెళ్లింది. పనేమీ లేకపోయినా పొయ్యిలో బూడిద ఎత్తింది.

మూసి ఉన్న ఇళ్లు ఊడవడం తేలిక పని కాలేదు. గోడలకు చెదపుట్టలు పాకాయి. మట్టిమిద్దెల మీద గడ్డి మొలిచి ఎండింది. గబ్బిలాలు రెట్టలు వేసిన పొయ్యిగడ్డలను ఆమె కత్తితో గీకి, ఎర్రమట్టితో అలికింది. ఎవరి ఇంట్లో అలుకుతుంటే ఆ ఇంటివాళ్లు గుర్తుకు వచ్చారు. తను కాపురానికి వచ్చిన కొత్తలో ఆ పొయ్యి దగ్గరే నిప్పు అడుక్కునేది. నడుం నొప్పి పుట్టినప్పుడల్లా గడపమీద కూర్చునేది. ఉచ్చీరమ్మ ఏమీ అనకుండా వచ్చి, చీపురు అందుకుని మిగిలిన సగం ఊడ్చేది.

బండ్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ముసలివాళ్లు, పిల్లలు, చాపచుట్టలు, కాళ్లు కట్టిన కోళ్లు. దిగీ దిగకముందే పిల్లలు గుట్ట ఎక్కేశారు. వాళ్లలో ఈ ఊళ్లో పుట్టనివాళ్లు చాలామంది. తమ ఇల్లేదో తల్లులు వేలుపెట్టి చూపించాల్సి వచ్చింది. సాయంత్రానికి మిద్దెలమీది పొగగూళ్లలోంచి పొగలు లేచాయి. ఒక ఇంట్లో రోకలి పడుతోంది. ఇంకో ఇంట్లో ఎవరో పిల్లవాణ్ణి తిడుతున్నారు. ఆ తిట్లు వినడానికి హులిగమ్మ చేతిలో రొట్టెను అలాగే పట్టుకుని నిలబడిపోయింది. పెనంమీది రొట్టె మాడింది.

వడ్రంగుల ఇంటావిడ గడప దగ్గర ఆగి ముగ్గు చూసి నవ్వింది. తను కాపురం చేసినన్నాళ్లూ ఇంత చక్కని ముగ్గు ఆ గడప ఎరగదంది. "మీ అత్త వాకిట్లో ఎయ్యాల్సిన ముగ్గులన్నీ మాకు ఏసినావే ఉలిగీ. మా ఆయన సూస్తే నన్ను ఇడిసి నిన్ను తెచ్చుకుంటాడు," అంది. హులిగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరైనా తనతో వేళాకోళమాడి ఎన్నాళ్లయిందో.

ఉచ్చీరమ్మ ఈడువాళ్లు ముగ్గురు ఆమెను అరుగు దిగనివ్వలేదు. పుండికూర, జొన్నరొట్టె పళ్లెంలో పెట్టుకుని పాత సంగతులు తవ్వుకున్నారు. ఎవరి పెండ్లిలో ఎవరు అలిగారో, ఎవరి గొర్రెను తోడేలు ఎత్తుకుపోయిందో. అత్త పగలబడి నవ్వడం హులిగమ్మ మొదటిసారి చూసింది. ఆమెకు పక్కపళ్లు ఊడిపోయాయని కూడా అప్పుడే తెలిసింది.

సారమ్మ బండెక్కకుండా నడిచి వచ్చింది. పొడుగాటి మనిషి, బుగ్గన పొగాకు. ఇంటి బయటే కాళ్లు కడుక్కుని, అరుగు మెట్టు కింద కూర్చుని, పనికి తప్ప లోపలికి రానంది. పనికి పిలిచాక మాత్రం ఇల్లు తనదే అయినట్టు మసిలింది. హులిగమ్మను పడుకోబెట్టి, రెండు చేతులూ రుద్దుకుని వేడిచేసుకుని, కడుపుమీద ఆనించింది. కళ్లు మూసుకుని చాలాసేపు అలాగే ఉంది.

"తల కిందికి దిగతాంది. ఈ నెల పొడుపు దాటదు," అంది. కొంచెం ఆగి, "మొదటిది యాడ అయింది?" అని అడిగింది.

హులిగమ్మ నోటితో చెప్పలేదు. గాదె పక్కన మూల వైపు చూసింది. సారమ్మ కూడా అటు చూసింది. ఆ సాయంత్రమే వంక నుంచి గంపతో సన్నయిసుక తెచ్చి, రాళ్లు ఏరి, ఆ మూల కాదని పొయ్యి దగ్గరి మూలలో కాన్పుకోసం ఎత్తుగా పరిచింది. పాతగుడ్డలు ఉడకబెట్టి దండెంమీద ఆరేసింది. హులిగమ్మ ఆ ఇసుకను పడుకున్నచోటి నుంచి చూసుకుంటూ నిద్రపోయింది.

మరునాడు పొద్దున్నే గౌడు అందరినీ సుంకులమ్మ కట్ట దగ్గర కూర్చోబెట్టి, ఎలా చెప్పాలో నేర్పాడు. ఆదోనిలో ఉన్నవాళ్లను ఇక్కడే ఉన్నట్టు చెప్పండి. ఆడబిడ్డలను అత్తగారింటికి పంపి ఉన్నా ఇంట్లోనే ఉన్నారనండి. ఇంటికి ఒకరిద్దరు ఎక్కువైనా ఫరవాలేదు, తక్కువ కాకూడదు. ఒక ముసలాయన, చచ్చిపోయినవాళ్లను కూడా తలుచుకోమంటావా అని అడిగాడు. తలుచుకుంటే తప్పేముందిలే అన్నాడు గౌడు. అందరూ నవ్వారు. ఉచ్చీరమ్మ నవ్వలేదు. ఆమె తలవంచుకుని, కట్ట మీది పసుపును వేలితో గీరుతూ కూర్చుంది.

లెక్కలు రాసుకునే మనిషి రంగనాథం అనే పడుచు పంతులు. బళ్లో చదువు చెప్పుకునే ఆయనకు సర్కారు ఈ పని అంటగట్టింది. సైకిలు గుట్టదారిలో గాలి దిగిపోతే తోసుకుంటూ వచ్చి, చెమటలు కారుతూ ఊరు చేరాడు. చంకలో రాతపలక, సంచిలో చిన్న చిన్న చీటీల కట్టలు. ఇంటికి ఇంత అని కాదు, మనిషికి ఒక చీటీ. పేరు, వయసు, కులం, పని, పెండ్లి, చదువు, పుట్టిన జిల్లా, ఇంట్లో ఆడే మాట, అన్నీ అడగాలి. గౌడు గొడుగు పట్టుకుని ఆయన పక్కనే నడిచాడు.

తలారి ఇంటికి వచ్చేసరికి ఎండ ముదిరింది. పంతులు అరుగుమీద కూర్చుని పలకను మోకాలిమీద ఆనించుకున్నాడు. ముందు తిక్కయ్య పేరు రాసుకున్నాడు. ఏ మాట ఆడతారని అడిగితే ఉచ్చీరమ్మ, అమ్మోరితో కన్నడం, మాలో మాకు తెలుగు అంది. రెండింటిలో ఏది ముందు రాయాలో తెలియక పంతులు కలం పట్టుకుని ఆగిపోయాడు. తెలుగు రాయండి అయ్యవారూ, అమ్మోరు లెక్కలోకి రాదుగదా అన్నాడు గౌడు. పంతులు కూడా నవ్వి రాసుకున్నాడు.

తర్వాత హులిగమ్మ చీటీ. ఆమె లోపలి గడప దగ్గర నిలబడి సమాధానాలు చెబుతోంది. ఆమె వెనక దండెంకింద సారమ్మ ఉంది. పంతులు చీటీ చూసి చదివినట్టు అడిగాడు. "కన్న బిడ్డలు ఎంతమందమ్మా?"

"ఒగటి," అంది హులిగమ్మ.

"ఇప్పుడు ఉన్నవాళ్లు?"

హులిగమ్మ నోరు తెరిచింది. ఆమె కంటే ముందు అత్త మాట వచ్చింది.

"ఉండాది."

పంతులు తల ఎత్తలేదు. ఆ బిడ్డకు ఇంకో చీటీ తీశాడు. పేరు అడిగాడు.

"తిమ్మక్క."

తడుముకోలేదు. వెతుక్కోలేదు. రోజూ పిలిచే పేరులాగే చెప్పింది ఉచ్చీరమ్మ. వయసు అడిగితే మూడు నిండినాయంది. పిల్ల ఎక్కడని అడిగితే గుట్ట వైపు చెయ్యి చూపి, "పిల్లలతో పోయింది. ఆటకు," అంది.

కలం కాగితంమీద గీసుకుంటూ పోయింది. గుట్టమీద నుంచి పిల్లల కేకలు వస్తున్నాయి. హులిగమ్మ తనకు తెలియకుండానే చెవి ఒగ్గింది. ఆ కేకల్లో ఒకటి సన్నగా, మిగతావాటి వెనక పడుతూ వినబడింది. ఎవరి బిడ్డో. 

గౌడు గొడుగు కింద నుంచి ఉచ్చీరమ్మను మెచ్చుకోలుగా చూశాడు.

పంతులు సిరామీద ఊదుతూ చుట్టూ చూశాడు. ఎదురింటి గడపకు కొత్తగా గీకిన చెదమట్టి ఇంకా కింద కుప్పగా పడి ఉంది. తెరిచిన తలుపులోంచి కనబడుతున్న పొయ్యిమీద ఒకటి రెండు రోజుల మసి తప్ప లేదు. ఆయన మరీ తెలివితక్కువవాడు కాడు. గౌడు పక్కింటి వైపు కదలగానే, చీటీలు సర్దుతున్నట్టు వంగి, తక్కువ గొంతుతో హులిగమ్మను అడిగాడు.

"వీళ్లంతా ఎప్పుడూ ఇక్కడే ఉంటారామ్మా?"

లేదు అంటే చాలు. ఆ ఒక్క మాటతో జాలిదిన్నె పక్క ఊళ్లో కలిసిపోతుంది. ఎవరి వాకిలికీ ఆమె నీళ్లు చల్లనక్కర్లేదు. ఆదోనిలో మిల్లు పక్కన ఏదో గుడిసెలో మొగుడి దగ్గర ఉండొచ్చు. కానీ ఆ మాట అంటే ఇప్పటికిప్పుడు సారమ్మను ఇక్కడ ఉంచాల్సిన పని గౌడికి ఉండదు. పొయ్యి మూల పరిచిన ఇసుక ఉత్త ఇసుక అవుతుంది. అంతేకాదు, పంతులు చేతిలో అన్నిటికంటే పైన ఉన్న చీటీ, ఇంకా తడి ఆరనిది, అబద్ధమని తన నోటితోనే చెప్పినట్టవుతుంది. మూడేండ్లలో ఆ బిడ్డ గురించి ఉందన్న మాట ఎవరైనా అనడం ఇదే మొదలు.

"ఉంటారయ్యా," అంది హులిగమ్మ.

పంతులు ఆమె మొహంలోకి ఒక్కసారి చూసి, చీటీల కట్టకు దారం చుట్టాడు.

తెల్లవారి ఎవరూ పొయ్యి వెలిగించలేదు. చాపలు చుట్టారు, కోళ్ల కాళ్లు కట్టారు. మగ్గాలమీద పని ఆగిపోయిందని మగవాళ్లు తొందరపెట్టారు. పండక్కు వచ్చి పోతున్నట్టు ఆడవాళ్లు హులిగమ్మ గడ్డం పట్టుకుని, కొడుకును కనమని దీవించి బండ్లెక్కారు. ఉచ్చీరమ్మ ఈడు ముసలావిడ ఒకామె మాత్రం అరుగు దిగడానికి చాలాసేపు పట్టింది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు వదల్లేదు. చివరికి కొడుకు వచ్చి ఆమెను ఎత్తి బండిలో కూర్చోబెట్టాడు.

సారమ్మ వంకకు పోయి వచ్చేసరికి గౌడు మనిషి ఆమెకోసం కాచుకుని ఉన్నాడు. గౌడు చిన్నకోడలికి కూడా నెలలు నిండుతున్నాయట. ముందుగానే ఇంట్లో మంత్రసాని ఉండాలని గౌడమ్మ కబురంపిందట. సారమ్మ ముందు రానంది. ఈమెను చూడకుండా పోతే పాపమంది. గౌడు స్వయంగా వచ్చి, తన వాడలో ఉంటున్న సారమ్మ కొడుకు ఇంటి సంగతి నెమ్మదిగా గుర్తుచేశాడు. సారమ్మ తన చీర మడిచి చంకన పెట్టుకుంది.

"మాట ఇచ్చినావు గదా గౌడప్పా," అంది హులిగమ్మ. తలుపు వెనక నుంచి కాదు, వాకిట్లోకి వచ్చి అంది.

గౌడు కోపపడలేదు. మాట ఎక్కడికీ పోలేదన్నాడు. నొప్పులు మొదలైతే కబురు పెట్టమన్నాడు. బండి కట్టించి పంపిస్తానన్నాడు. కబురు ఎవరితో పెట్టాలో ఆమె అడగలేదు. ఆయనా ఆ మాట ఎత్తలేదు. ఉచ్చీరమ్మ అరుగుమీద నుంచి, గౌడు చెప్పింది చెప్పినట్టు చేస్తాడులే అని కోడలినే కసిరింది. సారమ్మ పోతూ పోతూ ఇసుక దగ్గరికి వచ్చి చేత్తో మరోసారి సదును చేసింది. తన కొంగు ముడిలోని బ్లేడు తీసి, ఉడకబెట్టిన గుడ్డలో చుట్టి, గూట్లో పెట్టింది.

బండ్ల దుమ్ము వంక దాటేదాకా ఇద్దరు ఆడవాళ్లూ వాకిట్లోనే ఉన్నారు.

ఆ పూట ఉచ్చీరమ్మ రెండుసార్లు తినడానికి కూర్చుని లేచింది. ఎదురు అరుగులవైపు చూడకుండా ఉండాలని వీపు తిప్పుకుని కూర్చుంది. దీపం పెట్టే వేళకు ఒక్క ఇంటి మీదా పొగ లేదు. హులిగమ్మ రొట్టె విరిచి అత్త పళ్లెంలో పెట్టి, తను తినకుండా ఎదురుగా కూర్చుంది.

"ఆ పేరు ఎవురిది అత్తా?" అని అడిగింది.

ఉచ్చీరమ్మ రొట్టెను చిన్న చిన్న ముక్కలు చేసింది. తినలేదు.

"మా అమ్మది," అంది.

కోడలు ఇంకేమీ అడగదేమోనని చూసింది. హులిగమ్మ కళ్లు ఆమె మొహం మీద నుంచి కదల్లేదు. ముసలామె చేతులు ఒడిలో పెట్టుకుని, నేలకు చెబుతున్నట్టు చెప్పింది.

"నీకు తెలివి ల్యా అప్పుడు. బిడ్డ ఏడిసింది. శానా సేపు ఏడిసింది. నీళ్లు పోస్తాంటే కండ్లు తెరిసి సూసింది. అప్పుడు ఆ పేరుతో పిలిసినా. ఒగసారే."

పుట్టిన బిడ్డ పుట్టినట్టే కన్నుమూసిందని హులిగమ్మకు చెప్పారు. మూడేండ్లు అదే నమ్మింది. ఆమె చెయ్యి కడుపుమీదికి పోయింది.

"పలికిందా?" అంది.

"మనిషి ఉంటే బతికేది," అంది ఉచ్చీరమ్మ. "బొడ్డు కోయడం నాకు సరింగా రాకపాయె. నెత్తురు ఆగలేదు. పక్కింటోళ్లను పిలుద్దామని బయటికి పోయినా. పోయినాక గుర్తొచ్చె, ఆడ ఎవురూ ల్యారని."

 ఉచ్చీరమ్మ పళ్లెం తీసుకుపోయి రొట్టెముక్కలు బయట పారబోసింది. ఎప్పుడూ మెతుకు పారెయ్యని మనిషి.

తర్వాతి రోజుల్లో ఆమె వాకిళ్ల ఊసెత్తలేదు. శుక్రవారం వచ్చింది. హులిగమ్మ కుండలో పేడ కలపబోతే, చేతిలోంచి కుండ తీసుకుని పక్కన పెట్టింది. తన పాతచీరలు రెండు మడతలు వేసి, బిడ్డకు బొంత కుట్టడం మొదలుపెట్టింది. చూపు ఆనక సూదిలో దారం ఎక్కించడానికి కోడలిని పిలిచేది. కుట్టు వంకరపోతే విప్పి మళ్లీ కుట్టేది.

గౌడు ఆదోని నుంచి తిరిగి వస్తూ తలారి ఇంటి ముందు బండి ఆపించాడు. వెంటనే పోవాలని ఎద్దులను విప్పనివ్వలేదు. ఆ పొద్దున లేచినప్పటి నుంచి హులిగమ్మకు నడుం పట్టేస్తోంది. కాసేపు పట్టి, వదిలి, మళ్లీ పడుతోంది. ఆమె చెప్పలేదు. కానీ రొట్టె తడుతూ మధ్యలో ఆగి గోడను పట్టుకున్నప్పుడల్లా ఉచ్చీరమ్మ సూది ఆగుతోంది.

గౌడు సంతోషంగా ఉన్నాడు. లోపలికి వచ్చి, గోడకు ఆనుకుని చాపమీద కూర్చుని, తనే నీళ్లు అడిగి తీసుకున్నాడు. కచేరీలో జాలిదిన్నె చీటీలన్నీ సరిచూశారట. పసిపిల్లలు కూడా ఉన్నారు, ఈ ఊరు ఇంకా పెరిగేట్టుందని పెద్ద గుమాస్తా అన్నాడట. ఊరు ఊరుగానే ఉంటుంది. మాన్యం ఎక్కడికీ పోదు, తలారి చేను ఎక్కడికీ పోదు. చిన్నకోడలికి మొన్ననే మగబిడ్డ, తల్లీ బిడ్డా క్షేమం. సారమ్మ హస్తవాసి మంచిదని మెచ్చుకున్నాడు. ఇంకో నాలుగు రోజులు అక్కడే ఉంచుకుని పంపిస్తానన్నాడు.

"మీరిద్దరూ ఈడ ఉంటే సాలు. ఇంగ పదేండ్లకు బెదురు ల్యా," అన్నాడు.

హులిగమ్మ పొయ్యి ముందు నుంచి లేవబోయి, లేవలేక, అరచేతులు నేలకు ఆనించింది. గౌడు చూడలేదు. ఆయన చెంబులోని నీళ్లు ఒక గుక్క తాగి, ఉచ్చీరమ్మ వైపు చూసి నవ్వాడు.

"అంతా నీ నోటి మాటతోనే నిలబడింది అవ్వా. మల్లా లెక్కలోళ్లు వచ్చేసరికి ఆ తిమ్మక్కకు పదమూడేండ్లు వస్తాయి. పెండ్లి సేసి పంపినామని సెప్పాల. మరిసిపోవద్దు."

ఉచ్చీరమ్మ కుడుతున్న కుట్టు పూర్తిచేసింది. ముడి వేసి, దారాన్ని పంటితో కొరికింది. సూదిని గోడకున్న గుడ్డలో గుచ్చి, బొంతను మడిచింది. లేచి దండెంమీది హులిగమ్మ చీరలు రెండు, ఉడకబెట్టిన గుడ్డలు తీసి బొంతలో పెట్టి మూట కట్టింది. గూట్లో సారమ్మ పెట్టిపోయిన గుడ్డచుట్టను కూడా మరిచిపోలేదు. ఆ మూటలోనే దోపింది. పొయ్యిలో మండుతున్న కట్టెలను బయటికి లాగి నీళ్లు చల్లింది. తర్వాత కోడలి దగ్గరికి వచ్చి, చంకల కింద చేతులు వేసి లేపింది. నొప్పి వదిలేదాకా ఆమె బరువంతా తన భుజంమీద మోస్తూ నిలబడింది.

"యాడికవ్వా?" అన్నాడు గౌడు, చెంబు నేలమీద పెట్టడం మరిచి.

హులిగమ్మ అత్త మొహంలోకి చూసింది. అక్కడ కోపమూ లేదు, కన్నీరూ లేదు. చాలా దూరం నడవబోయే మనిషి మొహంలా ఉంది. ముసలామె చెయ్యి ఆమె మణికట్టు చుట్టూ గట్టిగా బిగుసుకుంది.

వాకిట్లో బండివాడు పగ్గాలు పట్టుకుని, బండి తోలాలో వద్దో తెలియక తలుపులోంచి గౌడు మొహం చూశాడు. ఉచ్చీరమ్మ ఎవరి మొహమూ చూడలేదు. మూటను చంకన పెట్టుకుని, గౌడు చాచుకున్న కాళ్లను చుట్టి వచ్చి, కోడలిని ముందు నడిపించుకుంటూ, ఇల్లు దాటి, ఎమ్మిగనూరు దారికి మొహం పెట్టి ఉన్న బండి వైపు నడిచింది.